బెల్వెడేర్: కట్టించినవాడొకడు, కాపురమున్నవారు వేరొకరు

ఐరోపా ఖండంలో ఆస్ట్రియా ఒక చిన్న దేశం. విస్తీర్ణంలో మన తెలంగాణ రాష్ట్రం కంటే కూడా చిన్నది. దాని రాజధాని వియన్నా. ఒకప్పుడు ఆ నగరంలో కూర్చున్న చక్రవర్తులు అనేక దేశాలను ఏలారు. అందుచేత ఊరి నిండా రాజభవనాలే. వాటిలో ఒక వేసవి విడిదిని గురించి మన పత్రిక పాఠకులకు చెప్పాలని మా కోరిక. దాని పేరు బెల్వెడేర్. ఇటలీ భాషలో ఆ మాటకు "అందమైన చూపు" అని అర్థం. కొండవాలు మీద నిలబడి చూస్తే వియన్నా నగరమంతా, సెయింట్ స్టీఫెన్ దేవాలయపు ఎత్తైన గోపురంతో సహా, కళ్ళ ముందు పరచినట్టు కనబడుతుంది.

ఐరోపాలో గొప్పవారికి రెండు ఇళ్ళు ఉండేవి. చలికాలంలో కోటగోడల లోపల, రాజుగారి నగరుకు దగ్గరగా ఒక ఇల్లు. ఎండాకాలంలో గాలి, వెలుతురు, తోటలు ఉండేలా కోట బయట మరొక ఇల్లు. మన ఊళ్ళల్లో రైతు పంటకాలంలో పొలం దగ్గర పాక వేసుకున్నట్టే అనుకోవచ్చు. కాకపోతే ఆ పాకకు పాలరాతి గోడలు, బంగారు పూత, నీటి చిమ్మెరలు ఉంటాయి.

మన పల్లెల్లో ఎవరిదైనా పెద్ద ఇల్లు కనబడగానే మొదట అడిగే ప్రశ్న ఒకటుంది: "ఆయనకు పిల్లలెంతమంది?" మేము కూడా బెల్వెడేర్ గేటు దాటగానే అదే అడిగాం. జవాబు ఒక్క మాట. ఆయనకు పెళ్ళే కాలేదు.

పారిపోయి వచ్చిన యువకుడు

ఈ భవనాన్ని కట్టించినవాడు సవాయ్ వంశపు యూజీన్ యువరాజు. 1663లో పారిస్ నగరంలో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి చనిపోయాడు. తల్లి రాజదర్బారులో ఒకప్పుడు వెలిగినా, తర్వాత నిందల పాలై దేశం విడిచిపోయింది. పిల్లవాడు పొట్టిగా, బలహీనంగా ఉండేవాడు. వాణ్ణి మతగురువును చేయాలని పెద్దలు తలంచారు. అతనికేమో సైనికుడు కావాలని ఆశ. 1683లో ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీ ఎదుట నిలబడి సైన్యంలో ఉద్యోగం ఇమ్మని అడిగాడు. రాజు ఇవ్వలేదు.

పంతొమ్మిదేళ్ళ ఆ కుర్రవాడు రహస్యంగా పారిస్ విడిచి ఆస్ట్రియా చక్రవర్తి లియోపోల్డ్ దగ్గరకు చేరాడు. సరిగ్గా ఆ నెలల్లోనే తుర్కుల సైన్యం వియన్నాను చుట్టుముట్టింది. సెప్టెంబరు 12న ముట్టడిని విడగొట్టిన యుద్ధంలో యూజీన్ కూడా పాల్గొన్నాడు. ఆ సంవత్సరం ముగియకముందే చక్రవర్తి అతనికి ఒక గుర్రపు దళాన్ని అప్పగించాడు. 1697లో జెంటా అనే చోట జరిగిన యుద్ధంలో గెలిచిన సర్వసైన్యాధిపతి ఇతడే. 1704లో బ్లెన్‌హైమ్ దగ్గర ఇంగ్లాండు సేనాని మార్ల్‌బరోతో కలిసి ఫ్రాన్సు సైన్యాన్ని ఓడించాడు. "నాకు పనికిరాడు" అని పంపివేసిన రాజు సైన్యాన్నే ఆ విధంగా వెనుకకు తరిమాడు. 1717లో బెల్‌గ్రేడ్ నగరాన్ని పట్టుకున్నాడు.

మనుష్యులు తోసివేసినవాడు ఒక్కొక్కసారి మూలకు తలరాయి అవుతాడని లేఖనాలు ఎరిగిన మనకు తెలుసు. అయితే ఈ యువరాజు కీర్తి అంతా యుద్ధాల కీర్తి. ఆ యుద్ధభూముల్లో రెండు పక్షాలా వేలాది మంది పేద సైనికులు చనిపోయారు. వారి పేర్లు ఏ గోడ మీదా లేవు. బెల్వెడేర్ అందాన్ని చూసేటప్పుడు ఈ సంగతి మరచిపోకూడదని మాకు అనిపించింది.

వాలు మీద రెండు భవనాలు

జెంటా విజయం వచ్చిన 1697లోనే యూజీన్ కోట బయట, రెన్‌వెగ్ అనే వీధి పక్కన, ఎత్తుగా సాగే ఒక నేలను కొన్నాడు. భవనం పని 1712 ప్రాంతంలో మొదలైంది. శిల్పి యోహన్ లూకాస్ వాన్ హిల్డెబ్రాంట్. ముందుగా వాలు అడుగున యువరాజు నివసించడానికి కింది బెల్వెడేర్ కట్టారు. 1716 నాటికి అది పూర్తయింది. తరువాత వాలు పైభాగాన అతిథులకు, ఉత్సవాలకు పై బెల్వెడేర్ కట్టారు. అది 1723 నాటికి పూర్తయింది. దాని కప్పు పచ్చని రాగి రంగులో ఎత్తుపల్లాలుగా ఉంటుంది. తుర్కుల సేనాధిపతుల గుడారాల్లాగ ఉందని చూసినవారు చెప్పుకొంటారు.

రెండు భవనాల మధ్య తోట. ఫ్రాన్సులో పని నేర్చిన డొమినిక్ జిరార్ అనే తోటల శిల్పి దీన్ని రూపొందించాడు. మేము కింది భవనం వైపు నుండి పైకి నడిచాం. మొదట కత్తిరించిన పొదల కంచెలు, తరువాత మెట్లు, మధ్యలో మెట్లు మెట్లుగా దిగే నీళ్ళు, ఆ పైన చదునైన పూల మళ్ళు, రాతి సింహికలు. సింహికలంటే ఆడమనిషి ముఖం, సింహపు శరీరం ఉన్న బొమ్మలు. కింద ఉన్నవాడు పైకి చూస్తే భవనం ఆకాశానికి ఆనుకొని ఉన్నట్టు కనబడుతుంది. యువరాజు దేవలోకంలో ఉన్నాడని వచ్చినవారికి తోచేటట్టు, గ్రీకు దేవతల కథలను బట్టి ఆ తోటను మెట్టు మెట్టుగా ఏర్పాటు చేశారు.

లోపల కూడా అంతే. కప్పు మీద చిత్రాల్లో యువరాజును దేవతలా పొగిడారు. కింది భవనంలో పెర్మోజర్ అనే శిల్పి చెక్కిన పాలరాతి విగ్రహం ఒకటి ఉంది. అందులో యూజీన్ కాలి కింద ఓడిపోయిన శత్రువు ఉంటాడు. పక్కన కీర్తిదేవత బూర ఊదుతుంటే, యువరాజు తన చేత్తో ఆ బూర నోరు మూస్తున్నాడు. "నన్ను పొగడవద్దు" అన్నట్టు. మాకు చిన్న నవ్వు వచ్చింది. పొగడ్త వద్దు అనే వినయాన్ని కూడా పాలరాతిలో చెక్కించి ఇంట్లో నిలబెట్టుకొన్నారు! వీధి మూలల్లో నిలబడి ప్రార్థించేవారిని గురించి మన ప్రభువు చెప్పిన మాట జ్ఞాపకం వచ్చింది. మనలో మాత్రం, "నాకు పేరు అక్కరలేదండీ" అంటూనే చందాల పలకం మీద పేరు ఎక్కడ ఉందో వెదకనివారు ఎంతమంది?

అయితే పై భవనంలో ఒక చిన్న ప్రార్థనా మందిరం కూడా ఉంది. దాని బలిపీఠం మీద ఇటలీ చిత్రకారుడు సోలిమేనా వేసిన చిత్రం ఉంది. అది క్రీస్తు పునరుత్థానం. ఇంటి నిండా యువరాజు మహిమ, ఆ ఒక్క మూల మాత్రం తెరువబడిన సమాధి. కట్టించినవాడు చనిపోయి మూడు వందల ఏళ్ళు కావస్తున్నది. గోడల మీది కథలన్నిటిలో నేటికీ జీవించి ఉన్నవాని కథ అదొక్కటే.

బరువు మోసే నలుగురు

పై భవనంలో అడుగు పెట్టగానే వచ్చే హాలులో నాలుగు స్తంభాలున్నాయి. ఒక్కొక్క స్తంభం వంగి నిలబడిన ఒక బలశాలి రూపం. కప్పు బరువంతా భుజాల మీద మోస్తున్నట్టు కండరాలు బిగించి ఉంటారు. అందరూ వాటి అందాన్ని చూసి ఫోటోలు తీసుకుంటారు. అసలు సంగతి వేరు. మొదట కట్టినప్పుడు ఆ స్తంభాలు లేవు. కట్టిన పదేళ్ళకే కప్పు కూలుతుందన్న భయం పుట్టింది. అందుచేత 1732, 1733 సంవత్సరాల్లో హిల్డెబ్రాంట్ మళ్ళీ వచ్చి, కింద వంపు కప్పు కట్టి, ఈ నాలుగు స్తంభాలు నిలబెట్టవలసి వచ్చింది. వచ్చినవారు మెచ్చుకొనే ఆ అలంకారం నిజానికి ఒక మరమ్మతు.

ఇల్లు కట్టుకొనే ప్రతి కుటుంబానికీ ఈ సంగతి చెప్పాలనిపించింది. లోకంలో అంత పేరున్న శిల్పి, అంత డబ్బున్న యజమాని, అయినా బరువు లెక్క తప్పింది. గోపురం కట్టేవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూసుకోవాలని మన ప్రభువు చెప్పిన ఉపమానం (లూకా 14వ అధ్యాయం) రాళ్ళకూ వర్తిస్తుంది, రూపాయలకూ వర్తిస్తుంది. రెండెకరాలు అమ్మి, మిగిలింది అప్పు చేసి, వీధిలో అందరి కంటే ఎత్తుగా స్లాబు వేసిన ఇళ్ళను మన సంఘాల్లోనే చూస్తున్నాం. పైకప్పు నిలిచే ఉంటుంది. వడ్డీ బరువు మాత్రం ఆ ఇంటి తండ్రి భుజాల మీద, ఆయన తరువాత కొడుకుల భుజాల మీద పడుతుంది. వారి కోసం మరమ్మతు చేయడానికి హిల్డెబ్రాంట్ రాడు.

అదే సంవత్సరాల్లో ఇల్లు విడిచినవారు

వియన్నాలో ఆ స్తంభాలు లేస్తున్న కాలంలోనే పక్కనున్న సాల్జ్‌బర్గ్‌లో ఏమి జరిగిందో మన సంఘాలు తెలుసుకోవాలి. సాల్జ్‌బర్గ్ అప్పట్లో ఆస్ట్రియాలో భాగం కాదు. ఒక ఆర్చిబిషప్పు ఏలుబడిలో ఉన్న ప్రత్యేక రాజ్యం. అక్కడి కొండల్లో రైతులు, గని పనివారు తరతరాలుగా రహస్యంగా బైబిలు, లూథర్ పుస్తకాలు చదువుకొనేవారు. 1731 అక్టోబరు 31 తేదీతో వారిని దేశం విడిచిపొమ్మని ఆజ్ఞ వెలువడింది. భూమి లేని కూలివారికి, పనివారికి ఎనిమిది రోజుల గడువే ఇచ్చారు. చలికాలం ముంచుకొస్తున్నది. సొంత పొలం ఉన్నవారికి కొన్ని నెలలు దొరికాయి. మొత్తం సుమారు 20,000 మంది ఇళ్ళు విడిచి నడిచారు. ఎక్కువమందిని ప్రష్యా రాజు తన దేశంలోకి ఆహ్వానించాడు. ఒక చిన్న గుంపు ఓడ ఎక్కి అమెరికాలోని జార్జియాకు చేరి, తమ కొత్త ఊరికి ఎబెనెజరు అని పేరు పెట్టుకొంది.

ఆ గుంపుతో వెళ్ళిన ఇద్దరు బోధకులు జర్మనీలోని హాలె పట్టణం నుండి వచ్చినవారు. హాలె అనగానే తెలుగు క్రైస్తవులు ఒక్క క్షణం ఆగాలి. మన దేశానికి మొదటి ప్రొటెస్టెంటు మిషనరీలను సిద్ధపరచిన స్థలం అదే. అక్కడి నుండే వచ్చిన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో ఉండి తెలుగు నేర్చుకొని, ఆ సంవత్సరాల్లోనే, అంటే 1732 నాటికి, బైబిలును తెలుగులోకి అనువదించాడు. అది అచ్చుకు నోచుకోలేదు. అయినా మన భాషలో దేవుని వాక్యం కోసం పడిన మొదటి శ్రమల్లో అదొకటి.

చూడండి, ఒకే కాలం. వియన్నాలో ఒక యువరాజు కప్పు కూలకుండా స్తంభాలు నిలబెడుతున్నాడు. కొండదారుల్లో వేలమంది విశ్వాసులు ఇల్లు లేనివారై నడుస్తున్నారు. మద్రాసులో ఒకడు దీపం పెట్టుకొని తెలుగు అక్షరాలు రాస్తున్నాడు. ఆ రోజున ఎవరిని అడిగినా చరిత్రంతా వియన్నాలోనే జరుగుతున్నదని చెప్పి ఉండేవారు.

ఒక మాట ఇక్కడ చెప్పాలి. ఇది కాథలిక్కు సహోదరుల మీద నింద వేయడానికి రాస్తున్నది కాదు. అధికారం చేతిలో ఉన్న చోట ప్రొటెస్టెంటు రాజులు కూడా ఇతరులను బాధించారు. మనకంటే వేరుగా ఆరాధించేవారి పట్ల మనం ఎలా నడుచుకొంటున్నామో పరీక్షించుకోవడానికే ఈ సంగతి.

వీలునామా లేని ఆస్తి

యూజీన్ 1736 ఏప్రిల్ 21న, 72 ఏళ్ళ వయసులో, నగరంలోని తన చలికాలపు భవనంలో కన్నుమూశాడు. భార్య లేదు, పిల్లలు లేరు. వీలునామా కూడా రాయలేదు. సైన్యాలను క్రమంలో నడిపినవాడు తన ఇంటిని క్రమపరచకుండా వెళ్ళిపోయాడు.

ఆస్తంతా ఆయన అన్న కుమార్తె విక్టోరియాకు వచ్చింది. ఆమెకు అప్పటికే యాభై దాటాయి. చిన్నాన్నతో ఆమెకు దగ్గర సంబంధమే లేదు. ఆస్తి చేతికి వచ్చాక 1738లో, తనకంటే చాలా చిన్నవాడైన ఒక జర్మన్ రాకుమారుణ్ణి పెళ్ళాడింది. ఆ కాపురం నిలబడలేదు. ఇక అమ్మకాలు మొదలయ్యాయి. చిత్రాలు 1741లో ఇటలీకి, సార్డీనియా రాజు వద్దకు పోయాయి. చివరికి 1752లో బెల్వెడేర్‌ను కూడా మరియా థెరీసా మహారాణికి అమ్మివేశారు. నలభై ఏళ్ళ కూడిక పదహారేళ్ళలో చెదరిపోయింది.

చెదరనిది ఒకటుంది, ఆయన పుస్తకాలు. సుమారు 15,000 సంపుటాలు. చదువంటే యూజీన్‌కు ప్రాణం. చరిత్ర, సాహిత్యం ఎర్ర తోలుతో, వేదాంతం, న్యాయశాస్త్రం నీలి తోలుతో, ప్రకృతి శాస్త్రాలు పసుపు తోలుతో బైండు చేయించి అమర్చుకొన్నాడు. చక్రవర్తి వాటిని మొత్తంగా కొని రాజ గ్రంథాలయంలో ఉంచాడు. నేటికీ వియన్నాలోని ఆస్ట్రియా జాతీయ గ్రంథాలయపు పెద్ద హాలులో, గుమ్మటం కింద, అవన్నీ వరుసగా ఉన్నాయి.

సొలొమోను ప్రసంగి గ్రంథంలో సరిగ్గా ఈ కథనే చెప్పాడు. ఇళ్ళు కట్టించాను, తోటలు వేయించాను, చెరువులు తవ్వించాను, తీరా నా తరువాత వచ్చేవాడు బుద్ధిమంతుడో బుద్ధిహీనుడో ఎవరికి తెలుసు అని నిట్టూర్చాడు. రెండవ అధ్యాయం ఇంట్లో అందరూ కలిసి చదువుకొనండి.

తలుపులు తెరచుకొన్న సంవత్సరం

రాజవంశం చేతిలోకి వచ్చాక భవనం కొన్నాళ్ళు ఖాళీగానే ఉంది. 1770 ఏప్రిల్ 17న ఒక్క రాత్రి మాత్రం దీపాలతో వెలిగిపోయింది. మహారాణి చిన్న కుమార్తె మేరీ ఆంటోనెట్‌కు ఫ్రాన్సు యువరాజుతో పెళ్ళి కుదిరింది. ఆ సందర్భంగా వేలమంది అతిథులతో ఇక్కడ విందు, నృత్యం జరిగాయి. పెళ్ళికూతురి వయసు పద్నాలుగు. ఇరవై మూడేళ్ళ తరువాత, 1793లో, విప్లవకారులు ఆమెకు పారిస్‌లో మరణశిక్ష వేశారు.

తరువాత మరియా థెరీసా, ఆమె కుమారుడు రెండవ జోసెఫ్ కలిసి రాజకుటుంబపు చిత్రాలను పై బెల్వెడేర్‌కు తరలించారు. 1781లో వాటిని చూడటానికి ప్రజలను లోపలికి రానిచ్చారు. సామాన్యుల కోసం తెరిచిన మ్యూజియంలలో ప్రపంచంలోనే ఇది తొలి వాటిలో ఒకటి.

అదే 1781లో మరొక తలుపు తెరుచుకొంది. అక్టోబరు 13న జోసెఫ్ చక్రవర్తి సహన శాసనం జారీ చేశాడు. అంతవరకు వియన్నాలో ప్రొటెస్టెంట్లు ఆరాధించాలంటే డెన్మార్కు, స్వీడన్ వంటి దేశాల రాయబారుల ఇళ్ళలోని మందిరాలకు వెళ్ళవలసిందే. ఇప్పుడు లూథరన్, రిఫార్మ్డ్ సంఘాలు సొంత ప్రార్థనా గృహాలు కట్టుకోవచ్చు. షరతులు మాత్రం ఉన్నాయి. గోపురం ఉండకూడదు. గంట ఉండకూడదు. వీధి వైపు ద్వారం ఉండకూడదు. చూడటానికి దేవాలయంలా కనబడకూడదు. అయినా కొండల్లో, లోయల్లో దాగి ఉన్న వేలాది కుటుంబాలు ధైర్యంగా వచ్చి పేర్లు రాయించుకొన్నాయి. నూట యాభై ఏళ్ళు తాతలు, తండ్రులు గడ్డివాముల్లో, గోడ సందుల్లో దాచిన బైబిళ్ళు బయటికి వచ్చాయి. వియన్నాలోని లూథరన్లకు మూతబడిన ఒక కన్యాస్త్రీల మఠపు దేవాలయం దొరికింది. 1783 నుండి వారు అక్కడ ఆరాధిస్తున్నారు. పూర్తి సమాన హక్కులు రావడానికి 1861 వరకు ఆగవలసి వచ్చింది.

గంట, గోపురం లేకపోయినా సంఘం బ్రతికింది. బిడ్డలను మోకాళ్ళ మీద కూర్చోబెట్టుకొని వాక్యం నేర్పిన తల్లులే దానికి కారణం. మన ఊళ్ళల్లో మైకులు, గోపురాలు, రంగులు అన్నీ ఉన్నాయి, దేవునికి స్తోత్రం. ఇంట్లో రాత్రి కుటుంబ ప్రార్థన ఉందా?

కాపలా ఇంటిలో ఒక సంగీతకారుడు

పై భవనానికి పక్కన, చిత్రశాల చూసుకొనే ఉద్యోగి కోసం కట్టిన ఒక చిన్న ఇల్లుంది. పెద్ద భవనం చూడటానికి వచ్చేవారు దాని వైపు తిరిగి కూడా చూడరు. 1895లో ఆంటన్ బ్రూక్నర్ అనే వృద్ధ సంగీతకారుడికి చక్రవర్తి ఆ ఇంట్లో అద్దె లేకుండా ఉండటానికి అనుమతి ఇచ్చాడు. జబ్బుపడి, మేడమెట్లు ఎక్కలేని స్థితిలో ఆయన ఉన్నాడు. ఆయన ఒక పల్లెటూరి బడిపంతులు కొడుకు. తానూ బడిపంతులుగా, దేవాలయంలో ఆర్గన్ వాయించేవాడిగా జీవితం మొదలుపెట్టాడు. ఎంత గొప్పవాడైనా పల్లెటూరి భక్తి, పల్లెటూరి యాస ఆయనను విడవలేదు.

ఆ ఇంట్లో ఆయన తన తొమ్మిదవ సింఫనీ చివరి భాగం రాస్తూ గడిపాడు. ఆ రచనను దేవునికే అంకితమివ్వాలని ఆయన కోరిక. 1896 అక్టోబరు 11న అక్కడే కన్నుమూశాడు. చివరి భాగం పూర్తి కాలేదు. అయితే పూర్తయిన మూడు భాగాలనే లోకమంతా నేటికీ వింటున్నది. బెల్వెడేర్ ఆవరణలో నివసించిన వారందరిలో మా హృదయాలకు దగ్గరైనవాడు ఈయనే. మందిరపు వాకిట కావలివాడై ఉండటమే మేలనుకొన్న కీర్తనకారుని తలంపు ఆ చిన్న ఇంటి ముందు నిలబడినప్పుడు మాకు బాగా బోధపడింది.

కన్నీటి కాలం

పై బెల్వెడేర్‌లో చివరగా నివసించిన రాకుమారుడు ఫ్రాంజ్ ఫెర్డినాండ్, సింహాసనానికి వారసుడు. 1914 జూన్ 28న సరయెవో పట్టణంలో ఆయననూ, భార్య సోఫీనీ కాల్చి చంపారు. ముగ్గురు పిల్లలు ఒక్క రోజులో తల్లిని, తండ్రిని పోగొట్టుకొన్నారు. ఆ కాల్పుల నుండి మొదటి ప్రపంచ యుద్ధం పుట్టింది. 1918లో రాచరికమే పోయింది. బెల్వెడేర్ ప్రభుత్వపు ఆస్తి అయింది.

1938లో హిట్లర్ ఆస్ట్రియాను కలుపుకొన్నాడు. వియన్నాలోని యూదుల ఇళ్ళు, దుకాణాలు, వస్తువులు దోచుకొన్నారు. వేలాది మందిని మరణ శిబిరాలకు పంపారు. దోచినవాటిలో ఫెర్డినాండ్ బ్లోక్-బావర్ అనే యూదు వర్తకుని చిత్రాలున్నాయి. చిత్రకారుడు గుస్తావ్ క్లిమ్ట్ బంగారు రేకులతో వేసిన ఆయన భార్య ఆడెలె చిత్రం వాటిలో పేరుపొందినది. అది బెల్వెడేర్ గోడకు చేరింది. యుద్ధం ముగిసినా దశాబ్దాల పాటు అక్కడే ఉంది. దేశమంతా అది తమదే అనుకొంది. ఫెర్డినాండ్ భార్యకు అక్క కుమార్తె, కుటుంబానికి వారసురాలు అయిన మరియా ఆల్ట్‌మన్, అమెరికాలో స్థిరపడిన వృద్ధురాలు, ఏళ్ళ తరబడి న్యాయం కోసం పోరాడింది. 2006లో మధ్యవర్తులు ఆమె పక్షాన తీర్పు చెప్పారు. ఐదు చిత్రాలు వారసులకు తిరిగి ఇచ్చారు. అప్పటికి ఆమెకు దాదాపు తొంభై ఏళ్ళు.

నాబోతు ద్రాక్షతోట కథ ఎరిగిన మనకు ఇది కొత్త కాదు. గట్టు జరిపి కలుపుకొన్న మూరెడు నేల, చెల్లెలి వాటాలోంచి ఆపుకొన్న బంగారం, విధవరాలి సంతకం మీద మార్పించుకొన్న పాసుపుస్తకం, ఇవి ఎంత కాలం మన దగ్గర ఉన్నా మనవి కావు. జక్కయ్య ఇంటికి రక్షణ వచ్చిన రోజున అతడు చేసిన మాటల్లో తీసుకొన్నది తిరిగి ఇస్తానన్నదీ ఒకటి కదా.

సంతకాల హాలు

రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి బెల్వెడేర్ కూడా దెబ్బతింది. 1945 నుండి అమెరికా, రష్యా, ఇంగ్లాండు, ఫ్రాన్సు సైన్యాలు ఆస్ట్రియాను నాలుగు ముక్కలుగా పంచుకొని కూర్చున్నాయి. పదేళ్ళ తరువాత, 1955 మే 15న, మరమ్మతు చేసిన పై బెల్వెడేర్ పాలరాతి హాలులో ఆ నాలుగు దేశాల విదేశాంగ మంత్రులు, ఆస్ట్రియా మంత్రి లియోపోల్డ్ ఫిగ్ల్ కూర్చుని ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఫిగ్ల్ ఒక రైతు కుటుంబపు బిడ్డ. హిట్లర్ కాలంలో ఏళ్ళ తరబడి నిర్బంధ శిబిరాల్లో మగ్గినవాడు. ఆస్ట్రియా స్వతంత్రమైందని ఆయనే ప్రకటించాడు. తరువాత అందరూ మేడ వసారాలోకి వచ్చి తోటలో నిండిన జనానికి ఒప్పంద పత్రాన్ని చూపించారు. జనం ఏడ్చారు, నవ్వారు. ఆ సంవత్సరమే విదేశీ సైన్యాలు వెళ్ళిపోయాయి.

యుద్ధవీరుని పొగడటానికి కట్టిన హాలులో శాంతి ఒప్పందం జరిగింది. ఇది యూజీన్ తలంచినది కాదు. హిల్డెబ్రాంట్ గీసినది కూడా కాదు. మనుష్యులు ఒక ఉద్దేశంతో కట్టిన ఇంటిని దేవుడు మరొక ఉద్దేశానికి వాడుకొంటాడు.

మన ఇళ్ళ మాట

నేడు బెల్వెడేర్ ఒక మ్యూజియం. టికెట్టు కొన్న ఎవరైనా యువరాజు మెట్లెక్కి, మహారాణి కిటికీలోంచి వియన్నాను చూడవచ్చు. మేము కూడా చూశాం. ప్రపంచం నలుమూలల నుండి వచ్చిన పిల్లలు ఆ తోటలో పరుగులు తీస్తున్నారు. పిల్లలు లేని యజమాని ఇంటికి ఎన్ని వేల మంది పిల్లలు వచ్చారో!

ఈ చరిత్రలోంచి మన కుటుంబాలు నాలుగు సంగతులు తీసుకొని వెళ్ళవచ్చు. మొదటిది, ఇంటికి మనం మోయగలిగినంత కప్పే వేద్దాం. రెండవది, ప్రాణం ఉండగానే ఇంటిని క్రమపరచుకొందాం. వీలునామా రాయడం చావును పిలవడం కాదు. అన్నదమ్ములు కోర్టు మెట్లెక్కకుండా, ఆడపిల్ల వాటా పోకుండా చూడటం తండ్రి చేసే చివరి ప్రేమకార్యం. యెషయా ప్రవక్త హిజ్కియా రాజుకు చెప్పిన మొదటి మాట అదే. మూడవది, మన గుప్పిట్లో ఇతరులది ఏదైనా ఉంటే తిరిగి ఇద్దాం. నాలుగవది, ఆ ఇంట్లో రోజుకొక్కసారైనా వాక్యం వినబడనిద్దాం. రెండు గదుల పెంకుటింట్లో రాత్రి పూట వినబడిన ప్రార్థన, మనం వెళ్ళిపోయిన తరువాత కూడా పిల్లల చెవుల్లో ఉంటుంది. సాల్జ్‌బర్గ్ రైతులు భుజాన వేసుకొని వెళ్ళింది అదే.

హస్తకృతము కాని నివాసాన్ని మన కోసం సిద్ధపరచుచున్న ప్రభువు, మన ఇళ్ళను తన సమాధానంతో నింపును గాక! ఆమేన్.